రైలు ఊరి ఆడపిల్ల – మన ఓటు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

'మహిళలు – ప్రజాజీవితం' మీద కాసేపు మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. ఈ విషయం మీద మాట్లాడమంటే పెద్ద పేర్లు చాలా ఉన్నాయి. సరోజినీ నాయుడు ఉన్నారు, దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉన్నారు. వాళ్ల గురించి మీరు పాఠాల్లో చదువుకున్నారు. నేను ఇవాళ ఒక చిన్న రైలు ఊరి ఆడపిల్ల గురించి చెబుతాను. ఆ ఊరు మన కోసిగి కాదు, మన దేశం కూడా కాదు. కానీ ఆ ఆడపిల్ల పెద్దదై వచ్చి మన రాయలసీమలోనే కాపురం పెట్టింది. మన ఆడవాళ్ల చేతికి ఓటు రావడంలో ఆమె పాత్ర చాలా పెద్దది. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్.

ఆమె సంగతి నాకు ఎట్లా తెలిసిందో ముందు చెప్పాలి. మా నాన్న ఇక్కడి రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. ఈ బడిలో చదివి, ఆదోనిలో ఇంటర్ చేసి, టీచర్ ట్రైనింగ్ అయ్యాక నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్లు మదనపల్లెలో ఉన్నాను. అక్కడ ఎవరిని కదిలించినా బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ గురించి, 'జనగణమన' గురించి చెబుతారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కాలేజీకి వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. అక్కడే ఆ పాట పాడి వినిపించారు. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్. సంగీతంలో పట్టా తీసుకున్న మనిషి. ఆమె పేరు మొదట నేను విన్నది ఈ పాట వల్లనే. ఆమె చేసిన అసలు పని వేరే ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను.

మార్గరెట్ 1878లో ఐర్లండ్‌లోని బాయిల్ అనే చిన్న ఊరిలో పుట్టింది. మన వైపు ధాత కరువు జనాన్ని పొట్టన పెట్టుకుని అప్పుడప్పుడే వెనక్కి తగ్గుతున్న కాలమది. బాయిల్ ఉన్న రాస్కామన్ జిల్లా కూడా అంతకు ముప్పై ఏళ్ల ముందు బంగాళదుంప పంట పోయి, కరువుతో అల్లాడిన చోటే. డబ్లిన్ నుంచి స్లైగో పోయే రైలు మార్గం మీద ఉంటుంది ఆ ఊరు. 1862లో అక్కడ స్టేషన్ వచ్చింది. మనకు రైలు రావడం కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని, కోసిగి మీదుగా వేసిన లైను 1871లో రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది.

రైలు ఉన్న చిన్న ఊళ్ల తీరు మనకు తెలుసు. రైలు పెద్ద పట్నం నుంచి పేపరు తెస్తుంది, ఉత్తరం తెస్తుంది, కొత్త మాట తెస్తుంది. ఊళ్లో కాస్త చదువుకున్న పిల్లలను, పని దొరకని పెద్దలను మాత్రం తీసుకుపోతుంది. బాయిల్ నుంచి మార్గరెట్ అట్లాగే డబ్లిన్‌కు పోయింది. తండ్రి కోర్టులో గుమాస్తా. ఇంటి నిండా పిల్లలు, ఈమె అందరికన్నా పెద్దది. డబ్లిన్‌లో సంగీతం చదివింది. 1903లో జేమ్స్ కజిన్స్ అనే కవిని పెళ్లి చేసుకుంది.

ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. 1908లో మార్గరెట్, ఆమె స్నేహితురాలు హన్నా షీహీ స్కెఫింగ్టన్ కలిసి ఓటు కోసం ఒక సంఘం పెట్టారు. ఊరూరూ తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. అడిగితే వినలేదు, అర్జీ పెడితే చదవలేదు. చివరికి ప్రభుత్వ భవనాల కిటికీ అద్దాలు పగలగొట్టారు. 1910లో లండన్‌లో, 1913లో ఐర్లండ్‌లో ఆమె జైలుకు పోయింది. రెండోసారి తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని జైల్లో నిరాహార దీక్ష కూడా చేసింది. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. మదనపల్లెలో దిగిన దొరసాని ఊరికే షికారుకు వచ్చిన మనిషి కాదు, అప్పటికే రెండు జైళ్లు చూసి వచ్చిన మనిషి అని మీకు తెలియాలని చెబుతున్నాను.

1915లో భార్యాభర్తలు అనీబిసెంట్ పిలుపు మీద మన దేశానికి వచ్చారు. కొంతకాలానికి జేమ్స్ గారు మదనపల్లె కాలేజీలో చేరారు. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోనే ఉండేది, ఆ ఏడు చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. అక్కడ కూడా రైల్వే స్టేషన్ ఊరికి దూరం. మన పక్కనున్న మంత్రాలయం రోడ్డు స్టేషన్ లాగానే దాన్నీ 'మదనపల్లె రోడ్డు' అంటారు.

మదనపల్లెలో ఆమె గమనించింది ఏమిటంటే, ఇళ్లలో ఆడవాళ్లకు చెప్పుకోవాల్సిన మాటలు చాలా ఉన్నాయి, కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు మాత్రం లేదు. 1916 ప్రాంతంలో అక్కడ 'అబలా అభివర్ధనీ సమాజం' అని ఆడవాళ్ల సంఘం ఒకటి నడిచింది. పేరు ఆ కాలపు పేరు. ఈ రోజు ఎవరినైనా అబల అంటే ఊరుకోరు. కానీ వారం వారం ఆడవాళ్లు ఒక చోట చేరడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. మనం ఇప్పుడు పొదుపు సంఘం మీటింగ్ అంటామే, దానికి ముత్తాత లాంటిది అనుకోండి. ఇట్లాంటి సంఘాలు ఊరూరా ఉండాలన్న ఆలోచనతో 1917 మే నెలలో మద్రాసు అడయారులో 'విమెన్స్ ఇండియన్ అసోసియేషన్' పెట్టారు. అనీబిసెంట్ అధ్యక్షురాలు. మార్గరెట్, డరోతీ జినరాజదాస మొదలైన వాళ్లు నిర్వాహకులు. 'స్త్రీధర్మ' అనే పత్రిక కూడా నడిపారు.

ఓటు అడిగిన కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది. టీచర్లు దయచేసి ఈ భాగం పిల్లలకు చెప్పండి, ఎందుకంటే ఇది మన వృత్తికి సంబంధించినది.

1917 చివర్లో బ్రిటిష్ మంత్రి మాంటేగు మన దేశానికి వచ్చాడు. పరిపాలనలో ఎట్లాంటి మార్పులు కావాలో చెప్పుకోవడానికి రకరకాల సంఘాల వాళ్లు ఆయన్ను కలుస్తున్నారు. ఆడవాళ్ల తరఫున కూడా ఒక బృందం వస్తుందని మార్గరెట్ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరంలో మొదట ఆమె అడగాలనుకున్నది ఓటు కాదు. ఆడపిల్లలకు చదువు. బడులు కావాలి, టీచర్లు కావాలి అన్నది ఆ వినతి. ఆ ఉత్తరానికి, రాజకీయ విషయాలు చెప్పేవాళ్లనే మంత్రిగారు కలుస్తారు అని జవాబు వచ్చింది. సరే, రాజకీయ విషయమే కావాలంటే అదే అడుగుదాం అని వినతిలో ఓటు హక్కు చేర్చారు. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో ఆ బృందం మద్రాసులో మాంటేగును కలిసింది. మగవాళ్లకు ఏ షరతుల మీద ఓటు ఇస్తారో, ఆడవాళ్లకూ అవే షరతుల మీద ఇవ్వండి అని అడిగారు.

చదువు కోసం బయలుదేరిన వాళ్లు ఓటు దగ్గరికి వచ్చారు. ఓటు లేనివాళ్ల బడి గురించి వినడానికి ఎవరికీ తీరిక ఉండదని ఆ జవాబుతో వాళ్లకు అర్థమైంది. ఈ రెండూ అప్పటి నుంచీ ఒకదానికొకటి ముడిపడే ఉన్నాయి.

అడగగానే ఇవ్వలేదు. మన దేశపు ఆడవాళ్లకు ఓటు ఇవ్వడానికి ఇంకా సమయం రాలేదని ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఓటు హక్కు కమిటీ తేల్చింది. సరోజినీ నాయుడు, అనీబిసెంట్ లండన్ దాకా వెళ్లి పార్లమెంటు కమిటీ ముందు వాదించారు. చివరికి 1919 చట్టంలో ఈ బరువును రాష్ట్రాల కౌన్సిళ్ల మీద పెట్టారు. ఇష్టమైన రాష్ట్రం తీర్మానం చేసుకుని ఆడవాళ్లకు ఓటు ఇచ్చుకోవచ్చు అన్నారు. అట్లా తీర్మానం చేసిన మొదటి బ్రిటిష్ రాష్ట్రం మన మద్రాసు. 1921 ఏప్రిల్ 1న అది జరిగింది.

ఆ రోజు కోసిగి ఎక్కడుంది? బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో, మద్రాసు రాష్ట్రంలో ఉంది. కర్నూలు జిల్లాలో మనం కలిసింది 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకనే. అంటే ఆ తీర్మానం కోసిగి ఆడవాళ్లకు కూడా వర్తించింది. ఇక్కడి నుంచి పోయి తుంగభద్ర దాటితే అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. ఆ ఒడ్డున ఉన్న అక్కకు లేని హక్కు ఈ ఒడ్డున ఉన్న చెల్లెలికి వచ్చింది. ఇంకో విచిత్రం కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో 1918లో ఆడవాళ్లకు ఓటు ఇచ్చినా ముప్పై ఏళ్లు నిండిన వాళ్లకే ఇచ్చారు. మగవాళ్లతో సమానంగా అక్కడ వచ్చింది 1928లో. సమాన షరతుల విషయంలో మద్రాసు రాష్ట్రం లండన్ కన్నా ఏడేళ్లు ముందుంది.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ఆ 'సమాన షరతులు' అన్నవి ఆస్తికి సంబంధించినవి. ఇంత శిస్తు కట్టేవాళ్లకు, ఇంత పన్ను కట్టేవాళ్లకు మాత్రమే ఓటు. మగవాళ్లలోనే ఎక్కువ మందికి లేదు. ఆడవాళ్ల పేరు మీద భూమి ఎక్కడుంది? మా జేజమ్మ జీవితమంతా ఒకరి చేలో కూలి చేసింది. ఆ తీర్మానం ఆమెను తాకలేదు. కోసిగిలో వంద గడపలు తిరిగినా ఓటున్న ఆడమనిషి ఒకరో ఇద్దరో దొరికి ఉంటారేమో. తలుపు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు, గడియ మాత్రం తీశారు.

గడియ తీస్తే ఏమవుతుందో తర్వాత ఐదారేళ్లలో తెలిసింది. 1926లో కౌన్సిల్‌కు పోటీ చేసే హక్కు కూడా ఆడవాళ్లకు వచ్చింది. మార్గరెట్ ప్రోత్సాహంతో కమలాదేవి చట్టోపాధ్యాయ పోటీ చేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిని కౌన్సిల్‌కు నామినేట్ చేశారు. ఆమె డిప్యూటీ ప్రెసిడెంట్ అయ్యారు. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లలను గుడికి వదిలే ఆచారం పోవాలని ఆమె కౌన్సిల్‌లో పట్టుబట్టారు. ఆ పోరాటం సాగి సాగి 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం అయింది.

ఈ చట్టం మనకెందుకు అని ఎవరూ అనుకోరు. ఆదోని, కోసిగి వైపు బసివి అనే మాట వినని పెద్దవాళ్లు ఈ సభలో లేరు. మన ఇళ్ల పక్కనే అట్లాంటి తల్లులు ఉన్నారు, వాళ్ల పిల్లలు మనతో పాటు ఇదే బెంచీల మీద కూర్చుని చదివారు. తండ్రి పేరు అడిగినప్పుడు తల దించుకున్న పిల్లలను మనం చూశాం. ఆ తల దించుకోవడం ఆ పిల్లల తప్పు కాదు. ఓటు, కౌన్సిల్, తీర్మానం అంటే ఎక్కడో మద్రాసులో పెద్దవాళ్ల వ్యవహారం అనిపిస్తుంది. అది నడిచి నడిచి వచ్చి మన వీధిలో ఒక ఆడపిల్ల మెడలో పడబోయే ముత్యాల దండను ఆపింది. 1988లో మన రాష్ట్రం ఇంకో చట్టం చేయాల్సి వచ్చిందంటే, చట్టం వచ్చినంత మాత్రాన ఆచారం వెంటనే పోలేదని కూడా మనం ఒప్పుకోవాలి.

మార్గరెట్ తర్వాతి జీవితం రెండు మాటల్లో చెబుతాను. మన దేశంలో మేజిస్ట్రేట్ అయిన మొదటి మహిళ ఆమె. 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటి సమావేశం జరగడానికి ముఖ్య కారకురాలు ఆమె. ఆ సమావేశం మొదట పిలిచింది ఆడపిల్లల చదువు గురించి మాట్లాడడానికే. మద్రాసు నుంచి పూనాకు రైలు దారి మన కోసిగి మీదుగానే. బ్రిటిష్ ప్రభుత్వం జనం నోరు నొక్కే ఆర్డినెన్సులు తెచ్చినప్పుడు వాటికి వ్యతిరేకంగా మాట్లాడి, వేలూరు జైల్లో ఏడాది శిక్ష అనుభవించింది. పక్షవాతంతో చాలా ఏళ్లు మంచాన ఉండి, 1954లో అడయారులో కన్నుమూసింది. మళ్లీ బాయిల్‌కు పోయి స్థిరపడలేదు. స్వతంత్ర భారతంలో ఆడా మగా అందరికీ ఓటు రావడం మాత్రం కళ్లారా చూసింది.

ఆ మొదటి సార్వత్రిక ఎన్నికల ముచ్చట ఒకటి ఉంది. 1951–52 ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారు చేయడానికి ఇల్లిల్లూ తిరిగారు. కొన్ని రాష్ట్రాల్లో, ముఖ్యంగా ఉత్తరాదిలో, ఎందరో ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానా ఆయన కూతురిని అని చెప్పారు. పేరు లేకుండా ఓటు ఎట్లా ఇస్తాం అని ఎన్నికల సంఘం అట్లాంటి వాళ్లను జాబితా నుంచి తీసేసింది. అట్లా పోయినవి దాదాపు 28 లక్షల పేర్లు. రాజ్యాంగం హక్కు ఇచ్చింది, ఏ షరతూ పెట్టలేదు. కానీ జాబితాలో పేరు లేకపోయేసరికి ఆ హక్కు చేతికి రాలేదు.

ఇక్కడికి వచ్చాక మన సంగతి మాట్లాడకుండా ఉండలేను.

ఈ సంచిక కోసం పూర్వ విద్యార్థుల పట్టిక ఒకటి తయారవుతోంది. నేనూ కొంత చేయి వేశాను. మా బ్యాచ్ వరకు చూస్తే, మగపిల్లల్లో ఎక్కువ మందికి ఊరు, ఉద్యోగం, ఫోన్ నెంబరు దొరికాయి. ఆడపిల్లల పేర్ల ఎదురుగా చాలా గళ్లు ఖాళీగా ఉన్నాయి. ఇది సంఘం తప్పు కాదు. పెళ్లయి ఊరు మారింది, ఇంటిపేరు మారింది, ఎవరిని అడగాలో తెలియదు. పది దాకా రాకుండానే ఆగిపోయిన వాళ్లయితే ఈ పట్టికలోకే రాలేదు.

మా తరగతిలో లెక్కల్లో నాకన్నా ముందుండే అమ్మాయి ఒకామె ఉండేది. పేరు చెప్పను. ఎనిమిదో తరగతిలో దసరా సెలవులయ్యాక రాలేదు. ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయారు. ఉగాదికి వచ్చేసరికి పరీక్షలు దగ్గర పడ్డాయి. మరుసటి ఏడు మళ్లీ పోయారు. ఇంక ఆమె బడికి రాలేదు. మొన్నామధ్య కలిస్తే అడిగాను, ఓటు వేస్తావా అక్కా అని. 'అయ్యో, వేయకుండా ఎట్లుంటా? గుంటూరు కాడ మిరపకాయలు కోస్తా ఉన్నా లారీ ఎక్కి వచ్చి వేసిపోతా' అంది. ఓటర్ల జాబితాలో ఆమె పేరు పదిలంగా ఉంది. బడి రిజిస్టర్‌లో ఆ పేరును ఎనిమిదో తరగతిలో కొట్టేశారు.

చదువు అడగబోయి ఓటు అడిగిన వాళ్ల కథ ఇందాక చెప్పాను. మనకు ఓటు వచ్చింది. వాళ్లు మొదట అడగాలనుకున్న చదువు మాత్రం మన కోసిగిలో ఇంకా సగంలోనే ఉంది. రాష్ట్రంలో ఆడవాళ్ల చదువు లెక్కలు తీసినప్పుడల్లా మన మండలం పేరు ఏ చివర ఉంటుందో టీచర్లకు తెలుసు. తుంగభద్ర దిగువ కాలువ మన ముందు నుంచే పోతున్నా, వాన మీదే బతికే చేలు మనకు ఎక్కువ. పత్తి తీసేటప్పుడు, మిరప కోసేటప్పుడు లారీలు, బస్సులు, రైలు నిండి పోతాయి. కూలి కోసం పోయే అమ్మానాన్నలను తప్పు పట్టే హక్కు మనకు లేదు. కడుపు నిండినవాళ్లు చెప్పే నీతి ఆకలిగా ఉన్నవాళ్లకు పనికిరాదు. పెద్దవాళ్లు పోయినా పిల్లను ఇక్కడే ఉంచే ఏర్పాటు ఉంటే చాలామంది ఉంచుతారు. జేజమ్మ దగ్గరో, సీజనల్ హాస్టల్‌లోనో, ఒక పూట అన్నం, రాత్రి భద్రత దొరికితే ఆ పిల్ల పేరు రిజిస్టర్‌లో నిలుస్తుంది.

అందుకని సంఘానికి మూడు మనవులు చేస్తున్నాను.

మొదటిది. దసరా సెలవులకు ముందే టీచర్లతో కూర్చుని, ఈ ఏడు ఏయే ఇళ్లు సుగ్గికి పోతాయో, ఆ ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలున్నారో రాసుకుందాం. వీధికి ఇద్దరు పూర్వ విద్యార్థులు బాధ్యత తీసుకుందాం. సీజనల్ హాస్టల్ సమయానికి తెరిచేట్టు అధికారులను అడుగుదాం. ఒకసారి అడిగి ఊరుకోవద్దు. 1917లో అడిగిన వాళ్లకు 1921లో వచ్చిందని గుర్తుంచుకుందాం.

రెండోది. పద్దెనిమిది నిండబోయే మన ఆడపిల్లల చేత ఫారం 6 నింపిద్దాం. ఇప్పుడు ఏడాదికి ఒకసారి కాదు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలకు పద్దెనిమిది నిండితే నమోదు చేసుకోవచ్చు. పదిహేడు దాటితే ముందుగానే దరఖాస్తు ఇవ్వొచ్చు. పెళ్లయి పోయిన పిల్ల పేరు అత్తగారి ఊళ్లో ఎక్కిందో లేదో కూడా కనుక్కుందాం.

మూడోది ఈ పట్టిక గురించి. ఖాళీ గళ్లు అట్లాగే పెట్టి అచ్చు వేయవద్దు. ఒక్కొక్క బ్యాచ్‌లో ఒక అక్క ముందుకొస్తే, మిగతా వాళ్లను వెతికే పని నేను చేస్తాను. ఎనిమిదిలో ఆగిన వాళ్ల పేర్లు, ఆరులో ఆగిన వాళ్ల పేర్లు కూడా రాద్దాం. ఈ బడిలో ఒక్క ఏడు కూర్చున్నా వాళ్లు మన పూర్వ విద్యార్థులే. లెక్కల్లో నన్ను దాటిపోయిన మా అక్క పేరు నేనే ఇస్తున్నాను, ఆమె ఒప్పుకున్నాకనే.

ఇప్పుడు చదువుతున్న ఆడపిల్లలకు ఒక్క మాట. అమ్మా, చిన్న ఊరిలో పుట్టామని, నాన్న గుమాస్తా అనో కూలి అనో వెనక్కి తగ్గకండి. ఊరు చిన్నదైనంత మాత్రాన మనిషి చిన్నదైపోదు. రైలెక్కి ఎంత దూరమైనా పొండి. ఎక్కడికి పోయినా అక్కడి ఆడవాళ్లతో కలిసి కూర్చోండి, అందరి తరఫునా అడగడం నేర్చుకోండి.

నన్ను ఈ బడిలో ఆపకుండా చదివించిన మా నాన్నకు, అప్పుడు ఫీజు కట్టి నా పేరు కొట్టేయకుండా చూసిన మా టీచర్ గారికి నమస్కారం.